ఆరని కట్టె

మార్చి 6

మరిది వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలి మొగుడు చేతులు కట్టుకున్నాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం.

"వదినా, చెక్క సైకిళ్ళ వంపులు నాకు కుదరట్లేదు. ఫోర్కుల దగ్గరకొచ్చేసరికి పట్టీలు పుటుక్కున విరిగిపోతున్నాయి. మామయ్యగారి పద్ధతి ఇప్పుడు మీ ఒక్కరికే తెలుసు. ఒక్కసారి షాపుకొచ్చి చూపించండి."

ఆలోచించి చెప్తానన్నాను.

తమ్ముడు పక్క గదిలోనే ఉన్నాడు, గోడవైపు తిరిగి పడుకుని. మరిది గొంతు తగ్గించలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏం బావమరిదీ, చెయ్యెలా ఉంది?" నావైపు తిరిగి జాలిగా అన్నాడు: "అన్నేళ్ళు జిగురు పని చేసినవాడికి ఒక్కసారి తప్పడం పెద్ద లెక్కా వదినా? ఏదో పోగొట్టుకున్నట్టు కూర్చున్నాడు."

సాయంత్రం ప్రార్థన చేసుకున్నాను. ఎవరి మీదా కోపం లేదు.

మార్చి 7

ఎవరి మీదా కోపం లేదని నిన్న రాశాను. ఉంది.

మార్చి 8

రాయకపోతే లోపల పేడులా గుచ్చుతోంది. రాసేస్తాను.

పోయిన వానాకాలం వరకు పెరటి షెడ్డులో ముగ్గురం పనిచేసేవాళ్ళం. నాన్న పోయాక కూడా చెక్క సైకిళ్ళ పని ఆగలేదు. వంపులు నావి. జిగురు, బిగింపు తమ్ముడివి. మాటలు మరిదివి. మాటలూ పనే, కాదనను. అతను మాట్లాడితేనే బళ్ళు అమ్ముడయ్యేవి.

ఎవరో ఒక బండి తొందరగా కావాలన్నారు. ముందు చక్రాన్ని రెండు కాళ్ళతో పట్టుకునే ఫోర్కు మాకు నెలకు పైబడిన పని. సన్నటి పట్టీలకు ఆవిరి పట్టి వంచాలి. అచ్చులో బిగించి ఆరనివ్వాలి. అప్పుడు ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించాలి. మరిదికి అంత ఓపిక లేదు. మందపాటి పలక మీద వంపు గీసి, రంపంతో కోసేశాడు. దానికి నల్లరంగు వేసి, "నువ్వు అంటించి పెట్టినదే, రంగు వేశాను," అని తమ్ముడి చేతిలో పెట్టాడు. వాడు బండికి బిగించి, మా వీధి వాలులో తొక్కి చూద్దామని ఎక్కాడు. ఫోర్కు విరిగి పడ్డాడు.

కుడి మణికట్టు అతికింది, కానీ వంకరగా అతికింది. ఆ చేత్తో ఇక ఉలి పట్టలేడు.

వీధిలో ఆ విరిగిన కొనను నేను చూశాను. చీపురు కట్టలా పొడుచుకొచ్చి ఉంది. వంచిన కట్టెలో చారలు వంపు వెంటే సాగుతాయి. పలకలోంచి కోస్తే వంపు దగ్గర అవి తెగిపోతాయి. తెగిన చోటే విరుగుతుంది, అలాగే విరుగుతుంది. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మరిది దాన్ని పొయ్యిలో పెట్టేశాడు. "ఎదురుగా ఉంటే బాధ కదా వదినా" అన్నాడు. ఆ తర్వాత వీధి వీధంతా చెప్పుకొచ్చాడు: "పాపం, జిగురు వదిలేసింది. ఏం చేస్తాం."

తమ్ముడు నమ్మాడు. నేను చూసింది చెప్పాను. "నువ్వు అక్కవి. అలాగే అంటావు," అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి షెడ్డులో అడుగు పెట్టలేదు. మరిది వేరే షాపు పెట్టుకున్నాడు.

చెయ్యి విరిగితే దేవుడి పని అనుకుని ఊరుకునేదాన్ని. వాడికి తన పని మీద ఉన్న నమ్మకం విరిగింది. అది దేవుడి పని కాదు.

మార్చి 11

వస్తానని కబురు పంపాను.

మార్చి 14

పెద్ద వీధిలో షాపు. బోర్డు మీద అతని పేరు గజం పొడుగు ఉంది. లోపల ఎండ బాగా పడుతుంది, మా షెడ్డులా చెమ్మగా లేదు. గోడకు నాన్న చిత్రికలు తగిలించాడు. అడగలేదు నేను.

అన్నీ సరిగ్గా చూపించాను. పట్టీ మందం, ఆవిరి పెట్టెలో నీళ్ళు, బయటికి తీశాక ఊపిరి బిగబట్టి ఒక్క తడవలో వంచడం. "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా వదినా," అని నవ్వాడు. నాన్న ఈ మాటకు ఏం జవాబు చెప్పేవాడో అదే చెప్పాను: "మానైనా వంగుతుంది. ఆవిరి పట్టాలి, అంతే."

వంపు చక్కగా వచ్చింది. అతని కళ్ళు మెరిశాయి. చేతిలో పనితనం ఉన్నవాడే, ఓపికే లేదు.

"అచ్చులో ఎన్నాళ్ళుంచాలి? బావమరిది నెల నెల అని చంపేవాడు."

నాన్న చెప్పేవాడు, కట్టె తన పాత తీరు మరిచిపోవాలి, లోపలి తడి పూర్తిగా పోవాలి, అప్పుడే జిగురు పట్టుకుంటుంది, అని.

"అది మా షెడ్డు చెమ్మకు," అన్నాను. "ఇంత ఎండలో తెల్లారేసరికి చాలు. తెల్లారగానే జిగురు పెట్టేయ్."

ప్రార్థనలో ఏ గొంతు వస్తుందో అదే గొంతు వచ్చింది. తడబడలేదు.

"అంతేనా! వాడు ఊరికే నెల నెల అంటూ నా ప్రాణం తీశాడన్నమాట."

"వాడికి నిదానం ఎక్కువ," అన్నాను.

మొదటి మాటకు కాదు, ఈ రెండో మాటకు ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

మార్చి 15

నిదానంగా ఆలోచించాను. ఆ ఫోర్కులు ఎండాకాలమంతా నిలుస్తాయి. వానలు పడ్డాక ఆ పట్టీలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. వదిలే ముందు కిర్రుమంటాయని నాన్న చెప్పేవాడు, చిన్నగా కాదు, తలుపు తెరిచినట్టు. చెవులున్న ఏ మనిషైనా దిగిపోతాడు. ఎవరూ పడరు. పడేది బోర్డు మీది పేరు ఒక్కటే. "జిగురు వదిలేసింది పాపం" అని అతని గురించి అంటారు. అతను అన్న మాటే.

దేవుడా, నీకు తెలుసు. నేను ఎవరి చెడూ కోరలేదు.

మార్చి 29

చెల్లి వచ్చింది. "అక్కా, అంతా వదిన చలవే అని ఆయన కనిపించినవాడికల్లా చెప్తున్నారు."

"నా పేరు చెప్పొద్దను."

"నీకెప్పుడూ ఇంతే. మొహమాటం."

ఏప్రిల్ 18

బడిపంతులు ఒకటి కొన్నాడు. మందుల షాపాయన కొన్నాడు. సాయంత్రాలు మా వాలులోంచే దిగుతారు. గుమ్మంలో కూర్చుని చూస్తాను. బళ్ళు బాగున్నాయి. వంపు నాన్న వంపే. మరిది తనకూ ఒకటి చేసుకుని, షాపుకు దాని మీదే దర్జాగా పోతున్నాడు. నన్ను చూసి గంట కొడతాడు.

నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటారు. ఇన్నాళ్ళూ ఆ మాట అతని గురించే అనుకున్నాను.

మే 2

ఇస్త్రీ పిన్ని వచ్చింది. చుట్టరికం లేదు, వీధి మొత్తానికి పిన్నే. బట్టలు ఇస్త్రీ చేసి ఇంటింటికీ ఇచ్చి వస్తుంది. బండి గుమ్మం ముందు నిలబెట్టి, వీధి చివరికి వినపడేలా అరిచింది.

"చూశావుటే! మీ మరిది చేసిచ్చాడు! కొత్త బండి! ఇక నా మోకాళ్ళకి సెలవు!"

"బాగుంది పిన్నీ."

"ఆఁ?"

"బాగుంది అన్నాను!"

"గట్టిగా చెప్పు, గొణుగుతావేం? నా చెవులు ఎప్పుడో కాటికి పోయాయి, నేనే వెనకబడ్డాను!" పకపకా నవ్వింది. పెద్ద బట్టల మూట వెనక కట్టి ఉంది. కాళ్ళు ఎత్తి వాలులో జారుకుంటూ పోయింది, పదేళ్ళ పిల్లలా.

ఆమెకు వినపడదు.

మే 3

కిర్రుమంటుంది అని రాసుకున్నాను. ఎవరికి?

మే 4

పిన్ని ఇంటికి వెళ్ళాను. వానాకాలం అయ్యేదాకా ఆ బండి ఎక్కొద్దన్నాను. ఎందుకంది. కారణం చెప్పలేకపోయాను. మూడుసార్లు అదే మాట అరిచాను, నాలుగోసారి ఆమే అరిచింది.

"ఏమే, మరిది బాగుపడుతుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావా? ఆ పూజలూ ప్రార్థనలూ ఎందుకే మరి? దేవుడికి తెలియదనుకున్నావా నీ కడుపుమంట?"

ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. అన్నీ తప్పు మాటలే. కడుపుమంట ఒక్కటే నిజం.

మే 6

షెడ్డు తెరిచాను. పిన్ని బండికి నేనే మంచి ఫోర్కు చేసి, ఎవరికీ తెలియకుండా మార్చేస్తే సరిపోతుంది. ఆవిరి పెట్టె కింద పొయ్యి వెలిగించాను. పట్టీ తీసి అచ్చుకు వంచాను. ఒకరు వంచాలి, ఒకరు బిగించాలి. నాకున్నవి రెండు చేతులే. పట్టీ విరిగి, ఎదురుతిరిగి గడ్డం మీద కొట్టింది.

తమ్ముడి కిటికీ షెడ్డు వైపే. కట్టె విరిగిన చప్పుడు విన్నాడు. రాలేదు.

మే 7

ఇవాళ కూడా విరిగింది.

మే 10

తెల్లవారి ప్రార్థన ముగించుకుని, పిన్ని లేవకముందే వెళ్ళి ఆమె ముందు టైరులో గాలి తీసేసి వచ్చాను. వాల్వు తీసేటప్పుడు టైరు బుస్సుమంది. చటుక్కున వేలు అడ్డం పెట్టాను. పిన్నికి వినపడదని అప్పుడు గుర్తొచ్చింది.

మే 11

మళ్ళీ.

మే 13

మళ్ళీ. ఈసారి వెనకది కూడా.

మే 17

పిన్ని వీధి మధ్యలో నిలబడి శాపాలు పెట్టింది. "నా బండి గాలి తీసే ఆ గాడిద ఎవడోగానీ వాడి చేతులు పడిపోను! వాడింట్లో దీపం ఆరిపోను!" నన్ను చూసి, "నువ్వే చెప్పవే, ఇది మనిషి చేసే పనేనా?" అని సాక్ష్యం అడిగింది.

కాదన్నాను.

మూట నెత్తిన పెట్టుకుని నడిచి పోయింది. కాసేపు వెంట నడిచాను, మూట నేను మోస్తానని. "చూశారా," అంది అందరితో, "తిట్టినా మనసులో పెట్టుకోదు. దేవుడి మనిషి."

మే 23

ఒక్క మాట చెప్తే సరిపోతుంది. మరిది దగ్గరికెళ్ళి, నేను తప్పు చెప్పాను, బళ్ళన్నీ వెనక్కి తెప్పించు, అంటే చాలు. ఆ మాట నోటి చివరిదాకా వస్తోంది. ఆ వెంటనే అతను వీధిలో ఏమంటాడో కూడా వినిపిస్తోంది: "పాపం, ఆ ఇంటి పనే అంత. తమ్ముడికి జిగురు రాదు, అక్కకి బుద్ధి లేదు."

చెప్పను. గాలి తీస్తాను.

జూన్ 5

మొదటి వాన.

జూన్ 8

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

రెండు రోజుల వాన మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చింది. గది కారుతోందని తమ్ముడు వీధి వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. నేను పెరట్లో ఉన్నాను. పొద్దున పిన్ని టైర్లలో గాలి తీశాను. బడిపంతులు ఆమెకు తన పంపు ఇచ్చాడని నాకు తెలియదు.

వాలు పైనుంచి చప్పుడు వినపడింది. కిర్ర్. మళ్ళీ కిర్ర్ర్. నేను వీధిలోకి పరిగెత్తుకొచ్చేసరికి పిన్ని సగం వాలు దిగింది. వెనక మూట. మంగలి షాపులోంచి గడ్డం సబ్బుతో ఉన్న మనిషి కూడా తల బయటపెట్టి చూస్తున్నాడు, అంత చప్పుడు. పిన్ని ఒక్కతే హాయిగా కూర్చుని ఉంది.

"దిగు! పిన్నీ, దిగు!" అని అరిచాను. రెండు చేతులూ ఊపాను. ఆమె నవ్వి, తనూ ఒక చెయ్యి ఊపింది.

నా పక్కనుంచి ఎవరో దూసుకుపోయారు. తమ్ముడు. వీధి మధ్యలోకి వెళ్ళి, రెండు చేతులూ చాచి, దారికి అడ్డంగా నిలబడిపోయాడు. పోయిన వానాకాలం తను పడిన చోటికి నాలుగడుగుల దూరం ఉంటుంది. పిన్ని వాణ్ణి చూసి బ్రేకు నొక్కింది. బండి వచ్చి వాడి గుండెకు తగిలింది. ఎడంచేత్తో హ్యాండిలు పట్టేసుకున్నాడు. అప్పుడు ఫోర్కు విచ్చుకుంది. విరగలేదు, విచ్చుకుంది, తడిసిన పుస్తకంలా. చక్రం పక్కకు వాలిపోయింది. పిన్నిని కుడి మోచేత్తో ఆపి, మెల్లగా దింపాడు. ఇస్త్రీ బట్టలన్నీ బురదలో పడ్డాయి.

"నీ మొహం మండా! నాకు చెవులు లేవు సరే, నీకు కళ్ళు కూడా లేవా? ఈ బట్టలెవరు ఉతుకుతారు, మీ తాతా?"

ఎవరో ఆమెకు ఫోర్కు చూపించారు. పిన్ని నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం ఈ వీధి ఎప్పుడూ చూడలేదు. తర్వాత తమ్ముడి గడ్డం పట్టుకుని ఏడ్చింది.

వాడు ఆమెను చూడట్లేదు. ఫోర్కును చూస్తున్నాడు.

బట్టలన్నీ నేనే ఉతికాను.

జూన్ 9

పొద్దున్న ఆ ఫోర్కును వంటగది బల్ల మీద పెట్టి పిలిచాడు.

"ఇది ఆరకముందే అంటించారు."

"తొందర మనిషి కదా," అన్నాను.

"కాదక్కా. ఆవిరి సరిగ్గా పట్టింది. వంపు నాన్న వంపే. బిగింపు గుర్తులన్నీ సమానంగా ఉన్నాయి. అన్నీ ఇంత బాగా చేసినవాడు ఈ ఒక్కచోట తప్పడు. ఎవరో చెప్తేనే తప్పుతాడు. ఈ తప్పు చెప్పాలంటే సరైనది తెలిసుండాలి."

పొయ్యి మీద పాలు పొంగాయి. దింపడానికి లేచాను.

"కూర్చో. నాకోసమా?"

"నీకోసమే."

"నన్నడిగావా?" వాడు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండును. "బావ నన్నొక్కణ్ణే పడేశాడు. నువ్వు వీధి వీధిని పడేయబోయావు. పిన్ని తల పగిలుంటే ఏ దేవుడికి చెప్పుకునేదానివి?"

లేచి, మాడుతున్న పాలు దింపాను.

వాడు ఆ పట్టీల మీద బొటనవేలితో రుద్దాడు, ముందు పైకి, మళ్ళీ కిందికి.

"జిగురు వదిలితే ఇలా ఉంటుందా?"

అప్పుడు తట్టింది నాకు. వాడెప్పుడూ చూడలేదు. నాన్న కాలం నుంచీ మా షెడ్డులో జిగురు ఒక్కసారి కూడా వదలలేదు. వదిలితే ఎలా ఉంటుందో మాలో ఎవరికి తెలుసు?

"నున్నగా ఉంది," అన్నాడు. "ఒక్క పేడు లేదు. నాది ఎలా విరిగిందన్నావు?"

"చీపురులా."

"ఆస్పత్రిలో నా అరచేతిలోంచి పేళ్ళు తీశారు."

"తీశారు. నేను పక్కనే ఉన్నాను."

తల ఊపాడు. ఇంకోసారి ఊపాడు. లేచి షెడ్డులోకి వెళ్ళాడు. ఆవిరి పెట్టె మూత తీసిన చప్పుడైంది. "ఇందులో నీళ్ళు ఎప్పుడు మార్చావు? కంపు కొడుతోంది!" అని కేకేశాడు.

ప్రార్థనకు కూర్చున్నాను. ఏమడగాలో తెలియలేదు. నేను చేసిన పాపంలోంచే వాడి చెయ్యి వాడికి తిరిగొచ్చింది. ఇలాంటప్పుడు ఏమంటారు? ఏమీ అనకుండా లేచాను.

జూన్ 10

తమ్ముడి మాట ప్రకారం ఇంటింటికీ తిరిగాను. "వానలకు బండి ఒకసారి చూసిస్తాం, కొంతకాలం పడుతుంది, అంతవరకు ఎక్కొద్దు," అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. పిన్ని సంగతి అందరికీ తెలిసింది.

బడిపంతులు అన్నాడు: "మీ మరిది ఎంత బాధ్యత గల మనిషండీ. ఇంటికి మనిషిని పంపి మరీ!"

మందుల షాపాయన అన్నాడు: "ఈ రోజుల్లో అమ్మాక పట్టించుకునేవాడెవడు? బంగారం అతను."

పంటి బిగువున నవ్వాను. నా దవడ ఇప్పటికీ నొప్పి.

జూన్ 11

పట్టీ నేను వంచుతాను. తమ్ముడు ఎడంచేత్తో బిగిస్తాడు, కుడి మోచేత్తో అదుముతాడు. మొదటిది విరిగింది. రెండోది విరగలేదు.

"బావ బండి తేలేదేం?" అని అడిగాడు.

"మరిచిపోయాను."

"గుర్తు తెచ్చుకో."

"తెచ్చుకుంటాను."

జూన్ 14

ఇంకా గుర్తు రాలేదు. అతనికి చెవులు బాగానే వినపడతాయి.

జూన్ 19

పెద్ద వీధిలో మరిది చెప్పుకుంటున్నాడట: "మా దగ్గర కొంటే వానాకాలం సేవ ఉచితం. అది మా పద్ధతి." ముగ్గురు కొత్తవాళ్ళు బళ్ళు అడిగారట. చెల్లి పొంగిపోతూ చెప్పింది.

నేను అతని పేరు పడగొట్టాలనుకున్నాను. చేతులారా మేడ కట్టి ఇచ్చాను.

జూన్ 22

వచ్చాడు.

జోరు వాన. బండి తొక్కుతూ కాదు, నడిపించుకుంటూ వచ్చాడు. వీధి మలుపులోనే చప్పుడు వినిపించింది. వెనకే గొడుగు పట్టుకుని చెల్లి. షెడ్డు గుమ్మంలో ఆగి, నీళ్ళోడుతూ నిలబడ్డాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. బండిని పట్టుకుని ఉన్నాడు.

"వదినా, అందరివీ మారుస్తున్నారట. నాది మరిచిపోయారా?"

"మరిచిపోలేదు," అన్నాను.

తమ్ముడు బల్ల దగ్గర పట్టీ చిత్రిక పడుతున్నాడు, ఎడంచేత్తో. తల ఎత్తలేదు.

"కిర్రుకిర్రుమంటోంది. నాకేం అర్థం కావట్లేదు. మీరు చెప్పినట్టే చేశాను కదా."

"అవును. నేను చెప్పినట్టే చేశావు."

నావైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు. ఇన్నాళ్ళూ ఈ ఘడియ కోసం ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నానో, ఒక్కటీ అవసరం పడలేదు. అతని మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. హ్యాండిలు మీద వేళ్ళు బిగిశాయి. నోరు తెరిచాడు.

తమ్ముడు చిత్రిక ఆపి అడిగాడు. టీ తాగుతావా అని అడిగినట్టే అడిగాడు.

"బావా, ఆ రోజు నాకిచ్చిన ఫోర్కు వంచావా, కోశావా?"

చెల్లి గొడుగు ముడుస్తూ ముడుస్తూ ఆగిపోయింది.

"అది... అప్పుడు టైం లేదు కదా..."

"వంచావా, కోశావా?"

"కోశాను."

"పలకలోంచి?"

"పలకలోంచే."

"జిగురు?"

మరిది నేల చూశాడు. "దాంట్లో జిగురే లేదు."

చెల్లి అతని మొహంలోకి చూసింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. "తమ్ముడు అన్నం మానేసి గోడ చూస్తూ కూర్చుంటే, నేను వాడికే బుద్ధి చెప్పానండీ," అంది. "జిగురు ఇంకాస్త జాగ్రత్తగా పెట్టుకోవాల్సిందిరా అని, ఈ నోటితోనే." మళ్ళీ గొడుగు తెరిచి, ఒక్కతే వెళ్ళిపోయింది. అతను పిలిచాడు. వెనక్కి తిరగలేదు.

తమ్ముడు లేచి, అతని చేతిలోంచి బండి తీసుకుని గోడకు ఆనించాడు. "మారుస్తాంలే. ఆరడానికి టైం పడుతుంది. ఈసారి తెల్లారేసరికి కాదు."

మరిది నడుస్తూ వాలు ఎక్కాడు, తడుస్తూ. కనుమరుగయ్యేదాకా చూశాను. తృప్తిగా ఉంటుందనుకున్నాను. అంత సులువుగా ఒప్పుకున్నాడేమిటని కోపం వచ్చింది. ఇంకాస్త పెనుగులాడాల్సింది.

జూన్ 26

చెల్లి ఇక్కడే ఉంది. తమ్ముడికి దగ్గర కూర్చుని అన్నం కలిపి పెడుతోంది. "ఎడంచేత్తో తినగలనే," అంటాడు. "నోర్మూసుకుని తిను," అంటుంది.

నేను చేసింది కూడా ఆమెకు చెప్పాను. చాలాసేపు నన్ను చూసి, "మీరిద్దరూ ఒక్క బడిలోనే చదివినట్టున్నారు, నువ్వూ ఆయనా," అంది.

ఈ మాట మింగుడు పడలేదు. పడదు.

జూలై 4

మరిది వచ్చి, చెల్లిని తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు చెల్లి అతన్ని వీధి మొగలో, మంగలి షాపు ముందు నిలబెట్టి చెప్పించింది. వీధికి వినపడేలా. "జిగురు తప్పు కాదు, పని నాది, తప్పు నాది." పిన్ని చెవిలో మరొకసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆమె "ఆఁ?" అని మూడుసార్లు అడిగింది. ఆమెకు మొదటిసారే అర్థమైందని నా అనుమానం.

ఇక నాకు కావలసిందేమీ లేదు. అయినా కడుపు నిండలేదు.

జూలై 18

ఫోర్కులు ఆరాయి. తమ్ముడు జిగురు పెట్టాడు. పిన్ని బండి మొదట. బిగించాక అచ్చు మీద చెవి ఆనించి విన్నాడు, నాన్నలా. "పలకట్లేదు," అని నవ్వాడు. పలక్కపోవడమే మంచిది.

జూలై 21

అందరి బళ్ళూ ఇచ్చేశాం. పిన్ని వాలులో జారుతూ పోతోంది. బడిపంతులు గంట కొడుతున్నాడు. మరిది ఒక్కడే నడుస్తున్నాడు. వాలు మొత్తం ఎక్కాలి షాపుకు. రోజూ మా గుమ్మం ముందునుంచే. అతను పోయే వేళకు బయట కూర్చోవడానికి ప్రార్థన కాస్త ముందే ముగిస్తున్నాను. ఇందులో తప్పేముంది? గాలి కోసం కూర్చుంటాను.

జూలై 30

ఎండ కాసింది. మరిది చెమటలు కక్కుతూ ఎక్కాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగాడు. కృతజ్ఞతలు కూడా చెప్పాడు. మనిషి చిక్కాడు.

జాలి వేసిందా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. వెతికాను. ఎక్కడో ఉండే ఉంటుంది.

ఆగస్టు 6

అతని ఫోర్కు పట్టీలు పొద్దున్న చూశాను. అచ్చు విప్పితే పాత తీరు పూర్తిగా మరిచిపోయి ఉన్నాయి. పొడిగా, తేలిగ్గా. ఇవాళే జిగురు పెట్టొచ్చు.

మధ్యాహ్నం మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా వీపుకు అంటుకుని.

"ఆరిందా వదినా?"

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు ఎడంచేత్తో పట్టీని తీసి, వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. గోరుతో నొక్కాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పెదవి విరిచాడు.

"ఇంకా పచ్చిగానే ఉంది బావా," అన్నాడు.

"ఎన్నాళ్ళు పట్టొచ్చు?"

"చెప్పలేం," అన్నాను. "మా షెడ్డు చెమ్మ కదా."